గహ్వరేష్ఠుడికి నమస్కారం

నమకం అంటే యజుర్వేదంలో శివుడికి నమస్కారాలు చెప్పే మంత్రభాగం. దాని ఏడో అనువాకంలో, అంటే ఏడో భాగంలో, శివుడు నీళ్ళలో ఎక్కడ పడితే అక్కడ ఉంటాడు. చెరువులో, నదిలో, బావిలో, మేఘంలో. తొమ్మిదో అనువాకానికి వచ్చేసరికి 'నమః కాట్యాయ చ గహ్వరేష్ఠాయ చ' అంటారు. అంటే ఎవరూ చొరలేని కొండగుహల్లో ఉన్నవాడికి నమస్కారం. వానలో ఉన్నవాడు గుహలోకి ఏ దారిన వెళ్ళాడు?

మా కాలనీ గుడిలో లింగం మీద వేలాడే రాగి ధారాపాత్రను చూస్తే కొంత అర్థమవుతుంది. అభిషేకానికి బోరు నీళ్ళే. హైదరాబాద్ బోరు నీళ్ళ సంగతి తెలిసిందేగా, గీజర్ నుంచి బకెట్ దాకా దేన్నీ వదలవు, గార కట్టిస్తాయి. పాత్ర అడుగున చిల్లు చుట్టూ తెల్లటి పెచ్చు కట్టింది. గోటితో గీకినా రాలదు. పంతులుగారు నానబెట్టిన చింతపండు వేసి తోమితే మాత్రం మెల్లగా కరుగుతుంది. పులుపు సున్నాన్ని తినేస్తుంది. తాండూరు బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పడేదీ అందుకే, అది సున్నపురాయి కాబట్టి.

కొండ మీద కురిసే వానకూ ఆ పులుపు ఉంది. గాలిలోంచి కొంచెం, మట్టిలోంచి ఇంకా ఎక్కువ బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని, సున్నపురాయిని కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. గుహ కప్పుకు బొట్టుగా వేలాడినప్పుడు ఆ వాయువు బయటికి పోతుంది. నీళ్ళు ఇక మోయలేని సున్నం అక్కడే అంటుకుంటుంది. ముందు బోలుగా సన్నటి గొట్టంలా దిగుతుంది, ఆ చిల్లు పూడుకుపోతే నీళ్ళు పైపైన జారి లావెక్కుతుంది. బొట్టు త్వరగా రాలిపోతే మిగిలిన సున్నం కింద పేరుకుని నేలమీంచి లింగంలా లేస్తుంది. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే అదే ఎక్కువ అనే చోట్లు చాలా ఉన్నాయి.

మన ఊరిది గ్రానైట్ నేల, ఇక్కడ ఇలాంటివి ఏర్పడవు. చూడాలంటే అరకు దగ్గరి బొర్రాకో, కొలిమిగుండ్ల దగ్గరి బెలుంకో వెళ్ళాలి. బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు. వాటి గురించి 1884లోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ రాశాడు. అందులో ఒక చోటికి కోటిలింగాలు అని పేరు.

"కాల్షియం కార్బొనేట్‌కి దండం పెట్టడమేంటి నాన్నా?" అన్నాడు మావాడు. నమకం తర్వాత చదివే చమకంలో 'అశ్మా చ మే మృత్తికా చ మే' అని రాయిని, మట్టిని పేరుపెట్టి అడిగాం కదరా అన్నాను. రాయి రాయేనని ఆ మంత్రానికి తెలియక కాదు. వాడు ఒప్పుకోలేదనుకోండి.

నన్ను ఆపేసిన మాట మాత్రం వేరే ఉంది. ఏడో అనువాకంలోనే 'నమో వర్ష్యాయ చావర్ష్యాయ చ' అని ఉంది. వానలో ఉన్నవాడికి, వాన లేమిలో ఉన్నవాడికి కూడా. వానకు దండం పెట్టడం తేలిక. ఎండిపోయిన ఏడాదికి ఎవరు పెడతారు? మేఘాలయలోని మామ్లూ గుహలో ఇలా నేలమీంచి లేచిన ఒక రాతిని కోసి, పొర పొరా పరీక్షించారు. సుమారు 4,200 ఏళ్ళ కిందట వానలు తగ్గిపోయిన జాడ అందులో దొరికింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా నడుస్తున్న భూయుగానికి 2018లో మేఘాలయన్ అని పేరు పెట్టారు. అంటే వర్షం, అవర్షం రెండూ ఒకే రాతిలో పక్కపక్కనే ఉన్నాయి. నమకంలో ఉన్నట్టే.

ఇది తెలిశాక గుహల్లో కనిపించిన ప్రతి దానికీ కుంకుమ రాసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. చేతి జిడ్డు అంటుకున్నచోట తర్వాతి బొట్టులోని సున్నం సరిగ్గా పట్టదు, రాయి నల్లబడుతుంది. అగరొత్తుల పొగ ఇంకో తంటా. కొసలు విరిచి జేబులో వేసుకునేవాళ్ళ గురించి చెప్పనే అక్కర్లేదు. అభిషేకం జరుగుతుంటే మధ్యలో చెయ్యి అడ్డం పెడతామా?

బెలుంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఏడో అనువాకం మొదలుపెట్టాను. సగంలో ఉండగా గైడ్ వచ్చి "పదండి సార్, వెనక బ్యాచ్ వస్తోంది" అన్నాడు. మిగతాది నడుస్తూనే చదువుకున్నాను.