వీసా అడగని చోట కూడా అదే భయం

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలో, ప్లేనోలో మనవాళ్ళు కొనుక్కుంటున్న కొత్త ఇళ్ళ దగ్గర ఎండలో పైకప్పు వేస్తూ కనిపించేది ఎక్కువగా హిస్పానిక్ కూలీలే, అంటే మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళే. శనివారాలు నేను వాలంటీర్‌గా వెళ్ళే, ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ పాంట్రీలో సరుకుల కోసం నిలబడేదీ అలాంటి ఇళ్ళవాళ్ళే. వాన పడితే పని ఆగిపోతుంది, ఆ రోజు కూలి రాదు. అద్దె మాత్రం ఆగదు. 2023లో అమెరికా మొత్తం మీద 13.5 శాతం ఇళ్ళలో తిండికి కటకట ఉందని వ్యవసాయ శాఖ లెక్క తేల్చింది. హిస్పానిక్ ఇళ్ళలో అది 21.9 శాతం.

ప్రభుత్వ సాయం లేక కాదు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళకి తిండి సరుకులు కొనుక్కోడానికి ప్రభుత్వం కార్డు మీద డబ్బు వేసే స్నాప్ ఉంది, ఒకప్పుడు ఫుడ్ స్టాంప్స్ అనేవాళ్ళే, అదే. గ్రీన్‌కార్డు వచ్చినా పెద్దవాళ్ళు మామూలుగా అయిదేళ్ళు ఆగాలి. కాగితాలు లేనివాళ్ళకీ, మన హెచ్‌1బీ వాళ్ళకీ రాదు. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలు పౌరులే కదా, ఇంటి ఆదాయం తక్కువైతే వాళ్ళకోసం అడగొచ్చు. గర్భిణులకు, బాలింతలకు, అయిదేళ్ళలోపు పిల్లలకు తిండి సరుకులు ఇచ్చే ఇంకో పథకం విక్‌లో అయితే వీసా ఊసే ఎత్తరు. 2009 నుంచి అందులో బ్రెడ్డుకు బదులు మొక్కజొన్న టోర్టియాలు (మెక్సికన్ రొట్టెలు) కూడా తీసుకోవచ్చు.

అయినా చాలామంది అడగరు. ఒక శనివారం ఒకావిడ సంచీ అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కనున్న కొడుక్కి పదేళ్ళుంటాయేమో, వాడే ఇంగ్లీషులో అడిగాడు: "ఇది తీసుకుంటే మా నాన్న గ్రీన్‌కార్డుకి ఇబ్బందా అంటోంది అమ్మ." లేదురా అని చెప్పాను. మేం అడిగేది పేరు, ఇంట్లో ఎంతమంది, ఆదాయం ఎంత, అంతే. వాడు చెప్పాక కూడా ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి గానీ సంచీ తీసుకోలేదు.

ఆ భయం ఊరికే రాలేదు. స్నాప్ వాడితే గ్రీన్‌కార్డుకి అడ్డొచ్చేలా 2019లో ఒక నిబంధన తెచ్చారు. 2021 మార్చిలో తీసేశారు. అందులో విక్ మొదటినుంచీ లేనే లేదు, అయినా జనం దానికీ దూరం జరిగారు. వీసా స్టాంపింగ్ అంటే మనకి ఎంత టెన్షనో తెలుసుగా, ఇది పిల్లల కంచం దాకా వచ్చిన టెన్షన్.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలైనప్పటి నుంచీ మా అమ్మ కార్డు పట్టుకుని వెళ్ళి, తూకం తగ్గితే డీలర్‌తో దెబ్బలాడి మరీ తెచ్చేది. ఆ బియ్యంతో పెరిగిన మనవాళ్ళే కొందరు ఇక్కడ "వీళ్ళు ఫ్రీగా తింటారు" అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పాంట్రీకి ఇవ్వాలనుకుంటే ఇంట్లో మిగిలిపోయిన డబ్బాలు వద్దు. పింటో బీన్స్, బియ్యం, టోర్టియాలు చేసుకునే మాసా మొక్కజొన్న పిండి, నూనె ఇవ్వండి. వీలైతే డైపర్లు కూడా. స్నాప్ కార్డు మీద డైపర్లు, సబ్బు కొనడానికి లేదు.