ఐదు వాట్లకు తగిన స్పీకరు

నేను కట్టిన ఆంప్లిఫయరులో ఉన్నవి రెండే వాల్వులు, అంటే ట్రాన్సిస్టర్లకు ముందు కాలపు గాజు గొట్టాలు. ముందు సిగ్నల్‌ను పెంచే ఈసీసీ83, దాని వెనక స్పీకరుకు పవర్ ఇచ్చే ఈఎల్84. రెండూ బెంగళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) తయారీవే. కోఠి గుజరాతీ గల్లీలో పాత సరుకు అమ్మే ఒకాయన దగ్గర దొరికాయి. మోనో, ఐదు వాట్లు.

మొదటి రోజు పాటయితే వచ్చింది గానీ మృదంగంలో తొప్పి వైపు (మంద్రంగా పలికే ఎడమ పక్క) మోత అసలు లేదు. కెపాసిటర్లు మార్చాను, వాల్వులు మార్చాను. రెండు వారాలు పోయాయి. చివరికి వాల్వుకీ స్పీకరుకీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద అనుమానం వచ్చింది. ఇంకా వార్నిష్‌లో ముంచలేదు కాబట్టి సులువుగానే ఊడింది. చూస్తే, చుట్టినాయన కరెంటు సప్లై ట్రాన్స్‌ఫార్మర్ల అలవాటు కొద్దీ ‘ఈ’, ‘ఐ’ అక్షరాల ఆకారంలో ఉండే ఇనప రేకులను (స్టాంపింగులను) ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి పేర్చాడు. పవర్ వాల్వు ఒక్కటే ఉన్న సర్క్యూట్లో ప్రైమరీ (ట్రాన్స్‌ఫార్మర్‌లో వాల్వు వైపు చుట్టు) గుండా సుమారు 48 మిల్లీఆంపుల డీసీ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. కోరులో, అంటే ఆ రేకుల దొంతరలో, సందు లేకపోతే అది ఆ డీసీతోనే నిండిపోతుంది, కింది స్వరాలకు చోటుండదు. ‘ఈ’లన్నీ ఒక పక్కకు, ‘ఐ’లన్నీ ఇంకో పక్కకు పేర్చి, మధ్యలో పలచని కాగితం పెట్టి బిగించాను. తొప్పి పలికింది. ఆ క్షణం ఒళ్లు జలదరించింది.

అయినా చప్పుడు చాలలేదు. నా దగ్గరున్నది 85 డెసిబెల్స్ బుక్‌షెల్ఫ్ స్పీకరు. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 85 వస్తుంది, ఐదు వాట్లూ పోస్తే 92. ఇంకో పది డెసిబెల్స్ కావాలంటే పది రెట్లు పవర్ కావాలి. ఈఎల్84 ఒక్కటీ ఎక్కడి నుంచి తెస్తుంది? చిన్న ఆంప్‌కి వాల్వుల బ్రాండు కన్నా స్పీకరు వెయ్యి రెట్లు ముఖ్యమని నా నమ్మకం.

అమ్మమ్మ వాళ్ల అటక మీద పాత వాల్వు రేడియో ఉంది. తక్కువ పవర్‌కే గట్టిగా పలుకుతుందేమోనని దాని 8 అంగుళాల స్పీకరు విప్పి తెచ్చాను. మల్టీమీటరు 2.6 ఓమ్లు చూపించింది. ఇంపిడెన్స్ (పాట నడిచేటప్పుడు స్పీకరు చూపే నిరోధం) దానికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి అది 3 ఓమ్లది. ఆత్రంలో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 8 ఓమ్ల స్పీకర్ల కోసం తీసిన తీగకే (ట్యాపుకే) కలిపేశాను. గొంతు బొంగురుపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ గుండా వాల్వుకు 5000 ఓమ్లు కనబడాల్సిన చోట 1900 కూడా లేవు మరి. 4 ఓమ్ల ట్యాపుకు మార్చాక 3750 అయింది, గొంతు తేటపడింది. (ట్యాపు మార్చేటప్పుడు ఆంప్ ఆపేయండి. స్పీకరు లేకుండా పాట నడిస్తే ప్రైమరీలో వోల్టేజి ఎగిసి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు.)

రెండడుగుల ప్లైవుడ్ పలకకు రంధ్రం కోసి స్పీకరు బిగించి, రాత్రి తొమ్మిదింటికి పెట్టాను. అమ్మ వచ్చి, “కాస్త తగ్గించరా, పక్కింటాళ్లు పడుకున్నారు” అంది.

మోనో కాస్తా స్టీరియో చేయాలంటే రెండో చానల్‌కి ఇలాంటి స్పీకరే ఇంకొకటి కావాలి. 3 ఓమ్లు, 8 అంగుళాలు, కోను చిరగనిది. శనివారం మళ్లీ కోఠి వెళ్తున్నాను.