తోక ఊగితే గెయినేనా?

పడుకుందామంటే అదే బుర్రలో తిరుగుతోంది. తన రిమోట్ హెలికాప్టర్ తోక ఊగుతోందని బుల్లోడు ఇవాళా గెయినే తిప్పాడు, అంటే తోకని నిలబెట్టే గైరో ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే సెట్టింగుని. ‘ఏటి మావయ్యా, ఇంకో ఐదు తగ్గిస్తే సరిపోద్ది’ అంటాడు. ఎవరో కొత్త గైరో కొనమన్నారట కూడా. నాకు ఒళ్లు మండింది.

తోక ఊపుల్లో రెండు రకాలు. టకటకా వణికినట్టు ఊగితే గెయిన్ ఎక్కువైనట్టు, కొంచెం కొంచెంగా తగ్గిస్తే ఆగుతుంది. మెల్లగా అటోసారి ఇటోసారి వెతుక్కుంటే మాత్రం ఎక్కడో పట్టేస్తోంది, లేదా ఎక్కడో లూజుంది. వీడిది రెండోది. గెయిన్ తగ్గించిన కొద్దీ తోక ఇంకా నీరసపడుతుంది తప్ప ఊపు పోదు.

హారన్ (సర్వో మోటారు చేయి) దగ్గర రాడ్ ఊడదీసి మోడల్‌ని వంచితే, ఆ రాడ్ బరువుకే తోక రెక్కల కోణం మార్చే స్లైడర్ జారాలి. వీడిది జారుతోంది. అక్కడితో చూడ్డం మానేశాడు. మెయిన్ రోటర్ నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే తోక రోటర్ దానికి నాలుగు రెట్లకు పైనే తిరుగుతుంది. ఆ వేగానికి రెక్కల్ని పట్టుకునే గ్రిప్పులు బయటికి లాగుతాయి. బల్ల మీద లేని బిగుతు అప్పుడొస్తుంది. అందుకే గ్రిప్పుని బయటికి గట్టిగా లాగిపట్టి తిప్పి చూడాలి. గరగరలాడితే ఆ లాగుడుని మోసే థ్రస్ట్ బేరింగే. దాని రెండు వాషర్లూ ఒకేలా కనిపిస్తాయిగానీ కావు: రంధ్రం పెద్దది హబ్ వైపు, చిన్నది బోల్టు తల వైపు. తారుమారైతే గైరో మార్చి లాభం లేదు.

పాత మెకానికల్ గైరోలు గుర్తొస్తున్నాయి. లోపల చిన్న మోటారు, దానికి ఇత్తడి చక్రాలు. బ్యాటరీ తాగేసేవి. తోక తిరిగే వేగాన్ని అడ్డుకునేవి గానీ దిశ గుర్తుండేది కాదు, పక్కగాలి కొడితే ముక్కు గాలికెదురు తిరిగేది. పిచ్ (పై రెక్కల కోణం) పెంచితే ఒంటిని తిప్పే టార్క్ పెరుగుతుంది కనుక రడ్డర్ (తోక కంట్రోలు) కూడా కదిలేలా ట్రాన్స్‌మిటర్లో రివో మిక్స్ పెట్టేవారు. 1970 నాటికి జర్మనీలో డీటర్ ష్లూటర్ ఆ గైరో కూడా లేకుండానే ఎగరేశాడు. లింకేజి తిన్నగా లేకపోతే ఆ రోజుల్లో మోడల్ నేల విడిచేదే కాదు.

తర్వాత దిశని గుర్తుపెట్టుకుని పట్టి ఉంచే హెడింగ్ హోల్డ్ గైరో వచ్చి అందర్నీ పాడుచేసిందని రాద్దామనే కూర్చున్నా. కాదులెండి, అది అన్యాయం. మధ్యాహ్నం దాటాక భోగాపురం వైపు నుంచి కొట్టే సముద్రపు గాలిలో, కోసేసిన మడిలో ఓ కుర్రాడు హోవర్ (గాల్లో ఒకేచోట నిలపడం) నేర్చుకుంటున్నాడంటే దాని పుణ్యమే. పాత గైరోల్లా వేగాన్ని మాత్రమే అడ్డుకునే రేట్ మోడ్‌ని మాత్రం పరీక్షకి ఉంచుకోవాలి. రివో మిక్స్ తీసేసి, హారన్ రాడ్‌కి 90 డిగ్రీల్లో పెట్టి, గాలి లేనప్పుడు రేట్ మోడ్‌లో హోవర్ చేయాలి. ముక్కు జరిగితే రాడ్ పొడవు మార్చాలి. ట్రాన్స్‌మిటర్లో మధ్య స్థానం జరిపే ట్రిమ్, సబ్‌ట్రిమ్ ముట్టుకోకూడదు, హెడింగ్ హోల్డ్‌లో గైరో వాటిని ‘తిరుగు’ అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. గైరోలో సర్వో కదలిక లిమిట్ మరీ తగ్గించాల్సొస్తే, రాడ్ తగిలించే బాల్‌ని హారన్ మీద లోపలి రంధ్రానికి మార్చాలి.

ఇవాళ ఉదయం గాలి పడిపోయినప్పుడు ఓ నిమిషం తోక గీత గీసినట్టు నిలబడింది. బాగుంది.

రేపు గ్రిప్పులు విప్పించి, వాషర్లు చూసి, గ్రీజు పెట్టించి, గెయిన్ మొదటున్న చోటికే తెప్పించాలి. అప్పటికీ ఊగితే తోక రోటర్‌ని తిప్పే బెల్టు బిగువు చూడాలి.