తిరగని బేరింగ్ ఎందుకు పాడవుతుంది?

స్టాండ్‌బై పంపు (అసలు పంపు ఆగితే వాడటానికి పక్కన ఉంచింది) అసలు తిరగనే లేదు, దాని షాఫ్టుని, అంటే ఇరుసుని, మోస్తూ సులువుగా తిరగనిచ్చే బేరింగ్ ఎలా పోయింది అని మెయింటెనెన్స్‌లో చాలామంది అడుగుతారు. తిరగకపోవడమే దానికి చేటు. పక్కన నడిచే యంత్రాల అదురు నేల గుండా వచ్చి లోపలి బాల్స్‌ని కొన్ని మైక్రాన్ల మేర అటూ ఇటూ ఆడిస్తుంది, ఆ కాస్త కదలికకే గ్రీజు పక్కకి జరిగిపోతుంది, మళ్లీ లోపలికి రాదు, ఇక లోహం లోహాన్ని రాసుకుని రాలిన ఉక్కు నుసి గాలి తగిలి ఐరన్ ఆక్సైడ్ అయి, ఆ గట్టి పొడే గరుకు కాగితంలా ఇంకా అరగదీస్తుంది. రేసు (బాల్స్ దొర్లే ఉక్కు రింగు) మీద బాల్స్ ఎంతెంత ఎడంగా ఉన్నాయో అంతే ఎడంగా గుంటలు, చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే ఇదే. 1930ల్లో అమెరికాలో రైళ్ల మీద పంపిన కొత్త కార్ల చక్రాల బేరింగులు రోడ్డెక్కకముందే ఇలా దెబ్బతిన్నాయి.

ప్రెస్ ఫిట్ చేసిన, అంటే ఇంకో భాగంలోకి బలంగా నొక్కి బిగించిన, షాఫ్టుల దగ్గర ఇదే రాపిడి వస్తే నాకు ఇంకా భయం, అక్కడ అరుగుదలతో ఆగదు, ఆ చోటే పగులు మొదలై షాఫ్ట్ విరిగిపోవచ్చు. దయచేసి ఆ ఎర్రటి పొడిని తుప్పే కదా అని తుడిచేయకండి. స్టాండ్‌బై పంపు షాఫ్టుని, కరెంటు తీసేశాక, వారానికోసారైనా చేత్తో తిప్పి వేరే కోణంలో వదలండి.