ఏసీ గ్యాసును గాలికి వదలకుండా తీయించుకున్న: నా అనుభవం

నాది కిరాయి కారు. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు, లేదంటే మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు పెళ్లిళ్లకు, ఆస్పత్రులకు తిప్పుతుంటా. ఎండాకాలంలో ఏసీ లేని బండిని ఎవరూ పిలవరు. మార్చిలో 1,800 ఇచ్చి గ్యాసు నింపించిన. మే మూడో వారానికి గాలి మళ్లీ చప్పబడ్డది. నార్కట్‌పల్లి దాటేసరికి వెనక సీట్లో పెద్దమ్మ కొంగుతో విసురుకోవడం అద్దంలో కనిపించింది. దిగేటప్పుడు వంద తక్కువ ఇచ్చింది. నేను కూడా అడగలేదు.

ఇంటికొచ్చి బానెట్ ఎత్తి చూసిన. ఏసీ గ్యాసును ఒత్తి తిప్పే కంప్రెసర్ క్లచ్‌కు ఎదురుగా ఉన్న రేకు మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒక జిడ్డు గీత, దాని మీద దుమ్ము పట్టి నల్లగా అయింది. ఏసీ పైపుల్లో గ్యాసుతో పాటు నూనె కూడా తిరుగుతుంది కాబట్టి గ్యాసు ఎక్కడ కారితే అక్కడ నూనె మరక పడుతుంది. కంటికి కనబడని గ్యాసుకు అదొక్కటే ఆనవాలు. కంప్రెసర్ ఇరుసు పక్క నుంచి గ్యాసు కారకుండా ఆపే షాఫ్టు సీలు పోయింది. అది మార్చాలంటే కంప్రెసర్ దించాలి, కంప్రెసర్ దించాలంటే ముందు గ్యాసు ఖాళీ చేయాలి.

దేవరకొండ రోడ్డులో నేను పదేళ్లుగా పోయే షెడ్డు ఉంది. ఇంజను పనిలో ఆయన చెయ్యి మంచిదే, అబద్ధం ఆడను. బండి చూసి వెంటనే స్పానర్ అందుకున్నడు.

"ఈ నట్టు లూజు చేస్తే రెండు నిమిషాల్ల ఖాళీ అన్నా. సీలేసినంక మళ్ల కొట్టిచ్చుకుందువు."

చెయ్యి పట్టుకుని ఆపిన. రెండేళ్ల కింద ఇదే షెడ్డులో వేరే బండికి ఇట్లనే చేస్తుంటే చూసిన. నట్టు రెండు చుట్లు తిరిగిందో లేదో బుస్సుమని తెల్లటి పొగ లేచింది, నూనె తుంపర్లు పనిచేసే పిల్లగాడి అంగీ నిండా పడ్డయి. వాడు చెయ్యి తీసేసరికి రెండు వేళ్లు మైనంలెక్క తెల్లబడ్డయి. రాత్రికి బొబ్బలొచ్చినయి. ఈ గ్యాసు, అదే ఆర్134ఎ, బయట గాలిలో సున్నాకు 26 డిగ్రీల కిందనే మరుగుతుంది. ద్రవంగా చర్మం మీద పడిందంటే అక్కడి వేడినంతా గుంజుకుని ఆవిరైపోతుంది. కంట్లో పడితే చెప్పే పనే లేదు. ఇంకొకటి, ఇది గాలి కంటే బరువు. ఆ షెడ్డులో బండి కింద పని చేయడానికి గొయ్యి ఉంది, గోడ అవతల వెల్డింగు షాపు. గ్యాసు గొయ్యిలో చేరితే లోపలున్నోడికి ఊపిరాడదు, మంటకు తగిలితే ఘాటైన విషవాయువుగా మారుతుంది.

"గింత గ్యాసుకు ఏమైతదన్నా?" అని నవ్విండు. నేను బండి తీసుకుని వచ్చేసిన.

తరవాతి రెండు రోజులు ఫోన్లతోనే సరిపోయింది. "గ్యాసు కొడతరా" అని అడిగితే అందరూ రమ్మంటరు. "ఉన్న గ్యాసు తీసి, తూకం చెప్పి, మళ్లీ అదే ఎక్కిస్తరా" అంటే అవతల ఉలుకూ పలుకూ ఉండదు. చివరికి మర్రిగూడ బైపాస్ దాటినంక ఒకాయన దగ్గర రికవరీ మిషన్, అంటే బండిలో గ్యాసును గుంజి సిలిండర్‌లోకి పట్టేది, ఉందని తెలిసింది. రాత్రే బండి తెచ్చి పెట్టమన్నడు. ఎందుకో పొద్దున అర్థమైంది.

ఎనిమిది గంటలకు నీడలో 30 డిగ్రీలుంది. రాత్రంతా ఆగి ఉంటేనే లోపలి గ్యాసు వేడి, బయటి వేడి ఒక్కటైతయట. అందుకే బండి స్టార్ట్ చేయకుండనే మీటరు బిగించిండు. లావు పైపు దిక్కు నీలం కప్లర్, సన్న పైపు దిక్కు ఎర్రది. కొలతలు వేరు కాబట్టి ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. రెండు ముల్లులూ 97 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర నిలబడ్డయి.

"మంచిగనే ఉందిగ మరి, గ్యాసు నిండా ఉన్నట్టేనా?" అన్న.

"నిండా ఉన్నా, సగమే ఉన్నా గంతే చూపిస్తది సార్. ఇంట్ల వంట సిలిండర్ చూడరా? ఆఖరి పూట దాకా మంట అట్లనే మండుతది. ఎత్తి చూస్తెనే గద తెలిసేది."

మార్చిలో నాకు గ్యాసు కొట్టినాయన మీటరు చూపించి "ఫుల్" అన్న సంగతి గుర్తొచ్చి కడుపు మండింది. లోపల చుక్క ద్రవం మిగిలి ఉన్నంత సేపూ ఆగి ఉన్న బండిలో ఒత్తిడి వేడిని బట్టి ఉంటుంది గానీ గ్యాసు ఎంతుందో చెప్పదు. 30 డిగ్రీలకు ఆర్134ఎ 97 చూపించాలి, చూపించింది. దాన్ని బట్టి ఆయనకు తెలిసింది లోపల వేరే గ్యాసు కలిసిన జాడ లేదని. కొందరు చౌకగా వస్తుందని వంటగ్యాసు లాంటిది కలిపి కొడతారట, అది మండే సరుకు, మిషన్‌లోకి గుంజితే ప్రమాదం. అయితే మీటరు ఒక్కటే నమ్మడానికి లేదని, అనుమానం వస్తే గ్యాసును పరీక్షించే పరికరం పెట్టాల్సిందేనని కూడా ఆయనే అన్నడు.

తరవాత ఐదు నిమిషాలు ఇంజను, ఏసీ నడిపించిండు, నూనెలో కలిసిన గ్యాసు కదలాలని. ఇంజను ఆపి కళ్లద్దాలు, గ్లవుజులు వేసుకున్నడు. నన్ను రెండడుగులు వెనక్కి జరగమన్నడు. తలుపులు రెండూ బార్లా తీసే ఉన్నయి. మిషన్ స్విచ్ వేసినంక ఇక చూడడానికి పెద్దగా ఏమీ లేదు, గురక లాంటి చప్పుడు తప్ప. తూకం అంకెలు మాత్రం మెల్లగా పెరిగినయి. 80, 150, 220 గ్రాములు. ఏసీ పైపు మీద చెమట పట్టింది. ముల్లు సున్నా దాటి కిందికి పోయినంక మిషన్ ఆపిండు. అయిపోయిందనుకున్న.

"చాయ్ తాగొద్దాం పాండి."

తాగొచ్చేసరికి ముల్లు మళ్లీ సున్నా మీదికి లేచింది. నూనెలో దాగిన గ్యాసు మెల్లగా బయటికి వస్తుందట. అప్పుడే నట్టు విప్పితే ఆ మిగిలింది మొఖం మీదికి వచ్చేది. రెండోసారి గుంజిండు. మొత్తం 310 గ్రాములు. బానెట్ కింది స్టిక్కరు మీద ఉన్నది 450. అంటే మార్చిలో నిజంగానే నిండా కొట్టి ఉంటే, రెండున్నర నెలల్లో 140 గ్రాములు నార్కట్‌పల్లి రోడ్డు పొడుగునా పోసుకుంటూ తిరిగిన.

తీసిన గ్యాసు సిలిండర్‌లోకి పోయింది. దాన్ని ఎప్పుడూ 80 శాతానికి మించి నింపరు, ఎండకు ద్రవం ఉబ్బితే చోటుండాలి. ఒకసారి వాడి పారేసే డబ్బాలో అయితే అసలు నింపొద్దు.

ఆ రాత్రి మా చిన్నది, పాలిటెక్నిక్ చదువుతుంది, లెక్క వేసి చూపించింది. ఒక కిలో ఆర్134ఎ, 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్ పాటి వేడి పట్టి ఉంచుతుంది. నా 310 గ్రాములు 440 కిలోల పైచిలుకు. దగ్గర దగ్గర 190 లీటర్ల పెట్రోలు కాల్చినంత. నా బండి లెక్కన హైదరాబాద్‌కు పదిహేను సార్లు పోయి వచ్చినంత. "ఓజోన్ పొర పాడైతదంటరు గద" అంటే, "అది పాత ఆర్12 నాన్నా, దీనికి ఓజోన్‌తోని పంచాయితీ లేదు, దీని గొడవ వేడిది" అన్నది. 2016లో కిగాలీలో కుదిరిన, వాడకం తగ్గించుకునే ఒప్పందంలోకి ఈ రకం గ్యాసులు వచ్చినయట, మన దేశం 2021లో ఒప్పుకుందట. షెడ్డులో ఆయన "గింత" అన్నది ఇదే.

సీలు పని మామూలే. రబ్బరు ఓరింగులు, తేమ పీల్చే డ్రయ్యర్ కొత్తవి వేసిండు. కంప్రెసర్‌లోంచి వంచిన నూనెను గీతల గ్లాసులో కొలిచి, మిషన్ గుంజినప్పుడు గ్యాసుతో పాటు వచ్చిన కాస్త నూనెను కూడా లెక్కలో కలిపి, అంతే కొత్త నూనె పోసిండు. తరవాత నైట్రోజన్ కొట్టి సబ్బు నురగతో లీకు చూసిండు, లోపలి గాలి, తేమ పోయేటట్టు నలభై నిమిషాలు వ్యాక్యూమ్ పెట్టిండు, ముల్లు కదలదని పావుగంట కూర్చుని చూసిండు. నాకు విసుగొచ్చింది, ఆయనకు రాలేదు. మిషన్‌లో వడకట్టిన నా 310కి కొత్తది 140 కలిపి, తూకం మీద 450 ఎక్కించిండు.

డబ్బుల లెక్కన చూస్తే నాకు మిగిలింది పెద్దగా ఏం లేదు. గ్యాసు సొమ్ము తగ్గింది గానీ తీసినందుకు, కూలికి కలిపి అటూ ఇటూ సమానమైంది. ఒకరోజు కిరాయి కూడా పోయింది. అయినా మార్చి రసీదు, ఈ రసీదు పక్కపక్కన పెట్టి చూసుకున్న. మొదటిదాని మీద "ఏసీ గ్యాస్ – 1" అని రాసి ఉంది. రెండోదాని మీద "తీసినది 310, కలిపినది 140, మొత్తం 450 గ్రా." ఈ రెండోది ఆర్‌సీ కవర్లో పెట్టుకున్న.