ట్రేసింగ్ పేపర్ మీద గుండ్రం

"నాన్నా, టేబుల్ కదపకు!"

లాప్‌టాప్ తెర మీద ట్రేసింగ్ పేపర్ అంటించి పాప పెన్సిల్‌తో గీస్తోంది. పేలిపోయిన ఓ నక్షత్రం పెంకు, పేరు జీ1.9+0.3. అమెరికాలోని న్యూ మెక్సికోలో ఉన్న వెరీ లార్జ్ ఎర్రే అనే రేడియో టెలిస్కోపుల బారు 1985లో పట్టిన రేడియో చిత్రం. గీయడం అయ్యాక, అదే కొలతలో ఉన్న 2008 చిత్రం మీద ఆ కాగితం పరిచింది.

గుండ్రం గీత దాటి బయటికొచ్చేసింది. 6 సెంటీమీటర్లున్నది దాదాపు 7. 23 ఏళ్ళలో సుమారు 15 శాతం! పాప ఆ సందు చుట్టూ వేలితో తడుముతూనే ఉంది.

కరెంటు పోతే మేడెక్కాం. విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ పైన ధనుస్సు రాశి. "ఏదీ, ఎక్కడ?" అంది.

కంటికి కనబడదమ్మా. అది మన గెలాక్సీ నడిబొడ్డు దగ్గర ఉంది. మధ్యలో ఉన్న దుమ్ము వెలుగునంతా మింగేస్తుంది, రేడియో తరంగాలు మాత్రం దూరి వచ్చేస్తాయి.

ఆ దుమ్మే లేకపోతే ఆ పేలుడు వెలుగు నూరేళ్ళ కిందటే ఇక్కడికి చేరాల్సింది. ఇదే తీరంలో మా ముత్తాతలు తెప్పలు లాగిన రోజులు. తలెత్తి చూసినా వాళ్ళకి ఒక్క మెరుపూ కనబడి ఉండదు. అది తలుచుకుంటే ఎందుకో మనసు ఆగడం లేదు.

కిందికొచ్చాక కాగితం మీద తేదీ వేసి ఫ్రిజ్‌కి అంటించింది.