మూడున్నర రూపాయల వడ్డీ

గాజువాకలో అకౌంట్స్ పని చేస్తాను. పొద్దున్న లేస్తే వడ్డీ లెక్కలే. అయినా రెండేళ్ల కిందట నా క్రెడిట్ కార్డు మీద 40,000 బాకీ పేరుకుపోయింది, నెలనెలా మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం ఇంత కట్టమనే మొత్తం, ఒక్కటే కట్టి బిల్లు కట్టేశాననుకునేదాన్ని. ఆసుపత్రి ఖర్చో, ఫీజో అయితే వేరు. జగదాంబ దగ్గర పండక్కి కొన్న బట్టలు, ఒక ఫోను, రాత్రి పడుకునే ముందు పెట్టిన చిన్నచిన్న ఆర్డర్లు, అంతే.

అమ్మకు చెప్పక తప్పని రోజు వచ్చింది. నెలకు మూడున్నర శాతం అంటే ఆవిడకు పట్టలేదు. "నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అమ్మా" అనేసరికి చేతిలో పని ఆపేసింది. "రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాళ్లనే చూసి అయ్యో అనుకుంటాం కదే!"

లెక్క చూడండి. 40,000 మీద నెల వడ్డీ 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. మినిమం డ్యూ అయిదు శాతం, అంటే 2,000 కడితే అసలులో తగ్గేది సుమారు 350 రూపాయలు. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా ఏది కొన్నా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. అదే సమయంలో బ్యాంకులో నాకు ఏడు శాతం వడ్డీ వచ్చే ఎఫ్‌డీ ఉంది! అది అమ్మ కోసం దాచింది కాబట్టి ముట్టుకోకూడదనుకున్నాను, ఇటు ఏడాదికి 42 శాతం కట్టాను.

2019లో జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం (ఎన్‌సీఎఫ్‌ఈ) చేసిన దేశవ్యాప్త సర్వేలో ఆర్థిక అక్షరాస్యత ఉన్న పెద్దవాళ్లు 27 శాతమే అని తేలింది. నేర్పాల్సిందే, బళ్లోనే నేర్పాలి. కానీ నాకు తెలియక జరిగింది కాదు కదా ఇది. 2017లో వచ్చిన ఒక స్వీడన్ అధ్యయనంలో, స్వీయనియంత్రణ బాగా ఉన్నవాళ్లు జీతం వచ్చినప్పుడల్లా కొంత దాస్తారని, డబ్బు గురించి వాళ్లకు టెన్షన్ తక్కువని రాశారు. అది చదివి నాకు మనోబలం లేదేమోనని చాలా రోజులు బాధపడ్డాను.

తర్వాత అమ్మనే గమనించాను. ఆవిడ మనసు గట్టిదే, కానీ డబ్బు నిలిచింది చీటీ వల్ల. అయిదో తారీఖుకు చీటీ డబ్బు కట్టకపోతే వీధిలో మాట పోతుంది, అందుకని ముందు అది తీసి పక్కన పెట్టి మిగిలిందాంతోనే ఇల్లు నడిపేది. (చీటీ వేసేవాళ్లు రిజిస్టరైన చోటే వేయండి, వీధి చీటీలు మునిగి ఏడ్చినవాళ్లు మా కంచరపాలెంలోనే ఉన్నారు.)

నేనూ ఎఫ్‌డీ తీసి బాకీ మొత్తం కట్టేశాను. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు నంబర్లు తీసేశాను, ఇప్పుడు ఏదైనా కొనాలంటే లేచి బీరువా తెరిచి కార్డు తేవాలి, సగం కోరికలు మంచం దిగేలోపే పోతున్నాయి. జీతం ఒకటో తారీఖున పడుతుంది, రెండున ఆర్‌డీకి (నెలనెలా కట్టే డిపాజిట్‌కి) 6,000 దానంతటదే వెళ్లిపోతుంది. అమ్మ ఎఫ్‌డీ మళ్లీ వేయడానికే అది. ఇంకా పదకొండు నెలలు కట్టాలి.